బాయిలో గంటలు, బల్ల మీద మీటలు

బొగ్గు బాయిలో టబ్బులను ఇంజిన్‌తో లాగే తాడు హాలేజీ ఉన్నచోట ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. ఇంజిన్ నడిపే మనిషి ఒకచోట కూర్చుంటాడు. బొగ్గు టబ్బులు వాలుదారిలో ఎక్కడో కింద చీకట్లో ఉంటాయి. అతనికి టబ్బులు కనబడవు, టబ్బుల దగ్గరున్న ట్రామర్ ఎంత అరిచినా వినబడదు. అందుకని దారి పొడవునా సిగ్నల్ తీగ వేసి ఉంటుంది. కింద నుంచి సైగ చేస్తే పైన గంట మోగుతుంది. ఇన్ని గంటలైతే ఆపు, ఇన్నైతే లాగు, ఇన్నైతే దించు అని ముందే కట్టుబాటు ఉంది. ఏ గంటకు ఏది అర్థమో రాసిన బోర్డును అందరికీ కనబడేట్టు తగిలించాలని గని నిబంధనలే చెబుతాయి. కొత్తగా చేరినవాడు మొదట్లో బోర్డు వైపు చూస్తాడు. కొన్నాళ్ళకు బోర్డు ఉన్న సంగతే మరిచిపోతాడు గాని చెయ్యి గంటను మరవదు. బెల్టు కన్వేయర్లు, పెద్ద యంత్రాలు వచ్చాక తాడు హాలేజీ తగ్గిపోయింది. అయినా కోల్‌బెల్టులో ఒక తరం మొత్తం ఈ గంటల భాషతోనే బతికింది.

అదే బాయి పైన మేనేజర్ ఆఫీసులో, ఏరియా స్టోర్స్‌లో, జీఎం కార్యాలయంలో పొద్దస్తమానం కంప్యూటర్ మీద సాగే పనికీ ఇలాంటి కట్టుబాటే ఉంది. కంట్రోల్‌తో ఎస్ కలిపితే సేవ్, పి కలిపితే ప్రింట్, జెడ్ కలిపితే ఇప్పుడు చేసిన పని రద్దు. తెలుగులో గంటకూ మీటకూ ఒకటే క్రియ కుదరడం ముచ్చటగా ఉంటుంది: గంట కొడతాం, ఎంటర్ కూడా కొడతాం. అయినా సేవ్ చెయ్యాల్సి వచ్చేసరికి ఎక్కువమంది చెయ్యి కీబోర్డు వదిలి మౌస్ మీదికి పోతుంది. తెర మీద బాణం గుర్తు ఎక్కడుందో వెతుక్కుని, మూలనున్న చిన్న బొమ్మ దాకా దాన్ని నడిపించి, నొక్కి, మళ్ళీ వెనక్కి వస్తుంది. షార్ట్‌కట్ అన్న మాటే మనకు కొంచెం అనుమానంగా వినిపిస్తుందేమో! అడ్డదారి అనగానే తెలుగువాడికి ముందు తట్టేది మోసం. ఇది దగ్గరిదారి, అంతే. మౌస్ తీసి అవతల పారెయ్యమని ఈ వ్యాసం చెప్పదు. రోజుకు వందసార్లు చేసే పనికి మౌస్ వాడితే నష్టమనీ, ఆ నష్టం సెకన్లలో కంటే చూపులో ఎక్కువనీ, అది తప్పాలంటే హాలేజీ దగ్గరి బోర్డు లాంటిదొకటి ఉంటే చాలనీ చెబుతుంది.

మౌస్ కీబోర్డుకు పోటీగా పుట్టింది కాదు. అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన మేరకు బిల్ ఇంగ్లిష్ 1964లో చెక్క డబ్బాతో మొదటి మౌస్ తయారుచేశాడు. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దాన్ని సభ ముందు చూపించినప్పుడు ఆయన కుడిచేతి కింద మౌస్ ఉంది, మధ్యలో మామూలు కీబోర్డు ఉంది, ఎడమచేతి కింద అయిదు మీటల చిన్న పలక ఉంది. చోటు చూపించడం మౌస్ వంతు, ఏం చెయ్యాలో చెప్పడం ఎడమచేతి మీటల వంతు. కాలక్రమంలో ఆ పలక మాయమై మౌస్ ఒక్కటే మిగిలింది. 1970లలో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి కట్, కాపీ, పేస్ట్ పద్ధతికి ఇప్పుడు మనమెరిగిన రూపం ఇచ్చారు. టెస్లర్ తర్వాత యాపిల్‌కు వెళ్ళాడు. ఆ కంపెనీ కంప్యూటర్లయిన 1983 నాటి లిసా, 1984 నాటి మెకింటోష్‌లతో జెడ్, ఎక్స్, సి, వి అనే నాలుగు మీటలు ఆ పనులకు స్థిరపడ్డాయి. ఇక్కడొక తమాషా ఉంది. 1984 మెకింటోష్ కీబోర్డు మీద బాణం మీటలే లేవు. జనం మౌస్ అలవాటు చేసుకోక తప్పదన్నట్టు వాటిని కావాలనే తీసేశారు. 1986లో వచ్చిన మెకింటోష్ ప్లస్ కీబోర్డు మీద అవి మళ్ళీ ప్రత్యక్షమయ్యాయి. మౌస్‌ను ఇంటింటికీ చేర్చిన కంపెనీయే రెండేళ్ళలో దిగివచ్చిందన్నమాట.

ఈ తేడాను గడియారం పెట్టి కొలిచినవాళ్ళున్నారు. 1980లో స్టువర్ట్ కార్డ్, థామస్ మోరన్, అలెన్ న్యూవెల్ అనే ముగ్గురు కంప్యూటర్ పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి ఒక్కోదానికి ఎంత సమయం పడుతుందో లెక్క ప్రచురించారు. కీబోర్డు మీంచి మౌస్ మీదికి చెయ్యి మారడానికి 0.4 సెకన్లు. బాణం గుర్తును కావలసిన చోటికి నడపడానికి సగటున 1.1 సెకన్లు. నొక్కి వదలడానికి 0.2 సెకన్లు. ఓ మోస్తరుగా టైపు వచ్చిన మనిషికి ఒక మీట నొక్కడానికి 0.28 సెకన్లు. ఈ లెక్కన మౌస్‌తో ఒకసారి సేవ్ చేసి చెయ్యి మళ్ళీ కీబోర్డు మీదికి రావడానికి 2.1 సెకన్లు పడుతుంది. రెండు మీటలతో అయితే అర సెకను దాటి కొంచెం, అంతే. తేడా సుమారు ఒకటిన్నర సెకను. రోజుకు ఇలాంటి పనులు 400 చేసే గుమాస్తా ఉన్నాడనుకుంటే మిగిలేది 10 నిమిషాలు. ఈ పట్టికలోనే ఎదుటి పక్షానికి పనికొచ్చే అంకె కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. కీబోర్డు మీద ఏ అక్షరం ఎక్కడుందో బొత్తిగా తెలియని మనిషికి ఒక్కో మీటకు 1.2 సెకన్లు పడుతుందని వాళ్ళే రాశారు. అంటే రెండు మీటలకు 2.4 సెకన్లు, మౌసే నయం. కాబట్టి నిన్ననే కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషిని మౌస్ ఎందుకు పట్టుకున్నావని నిలదీయడంలో అర్థం లేదు. మూడేళ్ళుగా అదే కుర్చీలో, అదే పని చేస్తున్న మనిషి సంగతి వేరు.

పది నిమిషాలదేముంది, చాయ్ తాగడానికే పోతుంది కదా అంటారు. నిజమే. సెకన్ల లెక్క ఒక్కటే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. అసలు సంగతి కంటిది. మౌస్ కదలాలంటే కన్ను తెర మీదే ఉండాలి. బాణం ఎక్కడుందో, ఎక్కడికి పోతోందో, ఆ బొమ్మ మీదికి చేరిందో లేదో చూస్తూనే ఉండాలి. మీటకు వేలు చాలు. కాగితం మీది మస్టరు చూసి ఎక్సెల్‌లో హాజరు ఎక్కించే పనినే తీసుకోండి. ఎడమ పక్కన రిజిస్టరు, దాని మీద స్కేలు, స్కేలు కింద ఒక వరుస. పేరు, నంబరు, షిఫ్టు చదువుకుంటూ అంకె కొట్టి ఎంటర్ నొక్కితే కింది గడిలోకి, ట్యాబ్ నొక్కితే పక్క గడిలోకి పోతుంది. ఈ పనంతటిలో చూపు రిజిస్టరు వదలనక్కర్లేదు. ప్రతి గడికీ మౌస్‌తో గురిపెట్టి నొక్కే మనిషి మాత్రం ఒక్కో అంకెకు తల ఒకసారి ఎత్తి, ఒకసారి దించాలి. దించినప్పుడల్లా ఇందాక ఏ వరుసలో ఉన్నానో వెతుక్కోవాలి. ఫస్టు షిఫ్టు మనిషి హాజరు కింది వరుసలోని నైట్ షిఫ్టు మనిషికి పడేది సరిగ్గా ఇలాంటి క్షణంలోనే. ఆ తప్పు నెలాఖరున జీతం కాగితంలో బయటపడితే సరిచెయ్యడానికి ఎన్ని టేబుళ్ళు తిరగాలో చెప్పక్కర్లేదు.

ఎక్సెల్‌లోనే ఇంకొకటి. కంట్రోల్ పట్టుకుని కింది బాణం కొడితే ఆ నిలువు వరుసలో చివరి గడికి ఒక్క దూకుడు. 300 మంది పేర్లున్న షీటులో మౌస్ చక్రం తిప్పుకుంటూ పోయే పని తప్పుతుంది. మధ్యలో ఎక్కడైనా ఖాళీ గడి ఉంటే ఆ దూకుడు దాని ముందు ఆగిపోతుంది. చాలామంది దీన్ని చికాకు అనుకుంటారు. మస్టరు పనిలో ఇదే వరం, ఎవరి హాజరు ఎక్కించడం మరిచారో అదే పట్టిస్తుంది. ఖాళీ గడులన్నీ ఎంచుకుని ఒకసారి అక్షరం కొట్టి కంట్రోల్, ఎంటర్ నొక్కితే అన్నిట్లోనూ ఒకేసారి పడుతుంది. ఆల్ట్ పట్టుకుని సమానం గుర్తు కొడితే మొత్తం కూడి పెడుతుంది. కంట్రోల్, సెమీకోలన్ కలిపితే ఇవాళ్టి తేదీ వచ్చి కూర్చుంటుంది.

గట్టి అభ్యంతరం ఒకటి 1989లోనే వచ్చింది. యాపిల్‌లో తెరల రూపకల్పన చూసిన బ్రూస్ టోగ్నాజ్జిని, మీటలతోనే పని వేగంగా అవుతుందని వాడేవాళ్ళు గట్టిగా నమ్ముతారనీ, గడియారం పెట్టి చూస్తే మౌసే గెలుస్తోందనీ రాశాడు. కారణం కూడా చెప్పాడు. ఏ పనికి ఏ మీటో గుర్తు తెచ్చుకోవడానికి మనిషికి రెండు సెకన్లు పడుతుంది, కానీ బుర్ర పనిలో ఉంటుంది కాబట్టి ఆ రెండు సెకన్లు గడిచినట్టే తోచదు. మౌస్ నడుపుతున్నప్పుడు మాత్రం వేచి ఉన్నట్టు అనిపిస్తుంది. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఎప్పుడో ఆరు నెలలకోసారి వాడే ఆదేశానికి మీట గుర్తుపెట్టుకోవడం దండగని దీన్నిబట్టి తేలుతుంది, నేనూ ఒప్పుకుంటాను. అయితే గుర్తు తెచ్చుకోవాల్సిన అవసరమే లేనంతగా చేతికి ఎక్కిన మీటల సంగతేమిటి? కంట్రోల్ సి, కంట్రోల్ వి కొట్టేవాళ్ళెవరూ రెండు సెకన్లు ఆలోచించరు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ లేన్, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన పరిశోధన ఈ ముడి విప్పుతుంది. వర్డ్‌లో బాగా అనుభవమున్న 251 మందిని అడిగితే, తరచుగా చేసే పనులకు సైతం వాళ్ళలో ఎక్కువమంది మీటలు వాడటం అరుదనీ, తెర మీది బొమ్మలే నొక్కుతున్నారనీ తేలింది. ఆ పనులకు మీటలే త్వరగా అవుతాయని వాళ్ళ పరీక్షలో రుజువైంది కూడా. అనుభవం పెరిగితే మీటలు వాటంతటవే వస్తాయనే నమ్మకం దీనితో పోయింది. బొమ్మ నొక్కితే పని జరిగిపోతోంది కదా, ఇంకొకటి నేర్చుకోవాలని ఎవరికి పుడుతుంది? పదేళ్ళు అదే బొమ్మ నొక్కినా చెయ్యి ఇంకో దారి కనిపెట్టదు.

మరి మనవాళ్ళకు ఇది చేతకాదా అంటే, జవాబు గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఉంది. అది ఈ బొగ్గు ఊరి వ్యాపారమంతా నడిచే చోటు. బట్టల షాపులు, బంగారం షాపులు, ఎలక్ట్రానిక్స్ షాపులు. సింగరేణి లాభాల వాటా చేతికొచ్చే దసరా రోజుల్లో కౌంటర్ల దగ్గర నిలబడే సందు దొరకదు. ఇలాంటి బజార్లలో లెక్కలన్నీ నడిచేది ట్యాలీ మీద. 1986లో శ్యామ్‌సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా మొదలుపెట్టిన బెంగళూరు కంపెనీది అది. ట్యాలీ నేర్చిన గుమాస్తా మౌస్ దాదాపు ముట్టుకోడు. ఎఫ్5 అంటే చెల్లింపు, ఎఫ్6 రాబడి, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు. తేదీ మార్చాలంటే ఎఫ్2. పార్టీ పేరులో మొదటి రెండు మూడక్షరాలు కొడితే జాబితా దానంతటదే కుదించుకుంటుంది. పార్టీ కొత్తదైతే ఆల్ట్ సి కొట్టి అక్కడికక్కడే ఖాతా తెరుస్తాడు. అన్నీ సరిగా ఉంటే కంట్రోల్ ఎ, వోచరు ఎక్కేసింది. ఎడమచేత్తో బిల్లుల కట్ట తిప్పుతూ, కుడిచేత్తో అంకెలు కొడుతూ, మధ్యలో కొనేవాళ్ళతో మాట్లాడుతూ ఈ పని సాగిపోతుంది. ఇంజినీరింగ్ చదివినవాళ్ళే ఈ పని చేస్తున్నారనుకోకండి. ఇంటర్ తర్వాత మూడు నెలలు కోచింగ్ సెంటర్‌కు వెళ్ళివచ్చిన పిల్లలూ చేస్తారు.

అదే గుమాస్తా ట్యాలీ మూసి వర్డ్ తెరిస్తే మళ్ళీ మౌస్ పట్టుకుంటాడు. చేతులూ అవే, కీబోర్డూ అదే. తేడా ఎక్కడుందంటే, ట్యాలీ తెర కుడి అంచున ఏ మీటకు ఏ పనో ఎప్పుడూ రాసి ఉంటుంది. మెనూలోని మాటల్లో కూడా ఏ అక్షరం కొట్టాలో గుర్తు పెట్టి ఉంటుంది. హాలేజీ ఇంజిన్ పక్కన తగిలించిన గంటల బోర్డు లాంటిదే ఇది కూడా. కళ్ళెదుట ఉంటే పది రోజులు చూసి కొడతాం, పదకొండో రోజు చూడకుండానే కొడతాం. వర్డ్, ఎక్సెల్‌లకూ ఇలాంటి బోర్డు ఉంది గాని దాచిపెట్టారు. ఆల్ట్ మీట ఒక్కసారి నొక్కి వదిలితే పైనున్న వరుసలో ఒక్కో పేరు మీద ఒక్కో అక్షరం ప్రత్యక్షమవుతుంది. ఆ అక్షరం కొడితే దాని కింది బొమ్మల మీద ఇంకో విడత అక్షరాలు. ఈ ఒక్క మీట చూపిస్తే మిగతాది పిల్లలే కనుక్కుంటారు. మన కోచింగ్ సెంటర్లలో ఎమ్మెస్ ఆఫీస్ పాఠం మాత్రం ఇప్పటికీ మౌస్ పట్టుకోవడంతో మొదలై, బొమ్మల పేర్ల దగ్గర ఆగిపోతుంది.

సింగరేణిలో శాప్ సంగతి ఇంకో రకం. పేరు తెలుగు చెవికి శాపంలా వినిపించినా, స్టోర్స్ నుంచి జీతాల దాకా అన్నిటినీ ఒక గూట్లోకి తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. అందులో ప్రతి పనికీ ఒక కోడ్ ఉంటుంది. సరుకు ఏ స్టోరులో ఎంత ఉందో చూడాలంటే ఎమ్ఎమ్‌బీఈ, వచ్చిన సరుకు లెక్కకెక్కించాలంటే మిగో. మెనూ చెట్టులో కొమ్మ తర్వాత కొమ్మ తెరుచుకుంటూ మౌస్‌తో పోవచ్చు, లేదా పై మూలనున్న చిన్న పెట్టెలో కోడ్ కొట్టి ఎంటర్ నొక్కితే తిన్నగా ఆ తెర ముందుకే చేరొచ్చు. అక్కడ ఎఫ్4 కొడితే ఆ గడిలో ఏమేం రాయొచ్చో జాబితా, ఎఫ్8 కొడితే రిపోర్టు, ఎఫ్3 కొడితే వెనక్కి. బదిలీ వర్కరుగానో జనరల్ మజ్దూరుగానో బాయిలో చేరి, ఇంటర్నల్ పరీక్ష రాసి గుమాస్తా కుర్చీలోకి వచ్చినవాళ్ళకు ఈ కోడ్ పద్ధతి మెనూల కంటే సులువనే నా అంచనా. తట్టా చెమ్మస్ నుంచి యంత్రం దాకా బాయి పనంతా వరుస తప్పకుండా చేసే పనే కదా!

మీసేవ లాంటి కేంద్రాల్లో వెబ్ ఫారాలు నింపేవాళ్ళకు ట్యాబ్ మీట ఒక్కటి చాలు సగం పని తగ్గడానికి. ట్యాబ్ కొడితే తర్వాతి గడి, షిఫ్ట్ ట్యాబ్ కొడితే వెనకటి గడి, చిన్న చదరపు పెట్టెలో టిక్కు పెట్టాలంటే స్పేస్. జిల్లా ఎంచుకునే జాబితా దగ్గర 33 పేర్లు కిందికి జరుపుకుంటూ నిజామాబాద్ దాటి పోనక్కర్లేదు. ఇంగ్లీషు జాబితాలో పి అక్షరంతో మొదలయ్యే తెలంగాణ జిల్లా ఒక్కటే. పి కొడితే చాలు, పెద్దపల్లి వచ్చి నిలబడుతుంది.

ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాలు కదా, తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు ఎలా గుర్తుంటాయి అనే ప్రశ్న సబబైనదే. కాపీకి సి, ప్రింట్‌కు పి ఇంగ్లీషు వచ్చినవాళ్ళకు తేలిక. అయితే అతికించడానికి వి ఎందుకో ఇంగ్లీషువాడికి మాత్రం ఏం తెలుసు? ఎక్స్ కొట్టివేత గుర్తులా ఉంటుంది, వి కిందికి చూపే మొనలా ఉంటుంది, జెడ్, ఎక్స్, సి, వి నాలుగూ ఎడమచేతి కింది వరుసలో పక్కపక్కనే ఉన్నాయి. మాటతో పని లేదు, చోటు గుర్తుంటే చాలు. తెలుగు టైపు కూడా అంతే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. బొగ్గు అని కొట్టాలంటే బ, ఒత్వం, గ, పొల్లు, గ, ఉత్వం, మొత్తం ఆరు మీటలు. మధ్యలో ఇంగ్లీషు మాట వస్తే భాష మార్చడానికి తెర కింది మూలకు మౌస్ తోలక్కర్లేదు, విండోస్ మీటతో స్పేస్ కలిపితే మారిపోతుంది. తెలుగు టైపులో ఉన్నప్పుడు కూడా కంట్రోల్ సి మామూలుగానే పనిచేస్తుంది. టైప్ ఇన్‌స్టిట్యూట్‌లలో లోయర్, హయ్యర్ పాసై వచ్చిన తరం ఒకటి ఇప్పటికీ ఆఫీసుల్లో ఉంది. తెర చూడకుండా, మీటలు చూడకుండా కొట్టగలిగిన చేతులవి. వాళ్ళకు కంప్యూటర్ నేర్పిన రోజున ముందు మౌస్ చేతికిచ్చి, ఉన్న విద్యలో సగం పక్కన పెట్టించాం. ఈ విషయంలో తప్పు నేర్చుకున్నవాళ్ళది కాదు, నేర్పినవాళ్ళది.

ఆరోగ్యం మాట కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. మౌస్ వల్ల మణికట్టు పోతుందని భయపెట్టేవాళ్ళు ఉన్నారు. డెన్మార్క్‌లో దాదాపు 7 వేల మంది ఉద్యోగులను ఏడాది పాటు గమనించి 2003లో జామా అనే వైద్యపత్రికలో ప్రచురించిన పరిశోధనలో, వారానికి 20 గంటలకు మించి మౌస్ వాడేవాళ్ళలో చేతి నరం నొక్కుకుపోయే లక్షణాలు కాస్త ఎక్కువగా కనబడ్డాయి. కీబోర్డు వాడకంతో అలాంటి సంబంధం తేలలేదు. కంప్యూటర్ పని ఈ జబ్బుకు పెద్ద ప్రమాదకారి కాదని కూడా ఆ పరిశోధకులే రాశారు. కాబట్టి భయపడాల్సిన పని లేదు, రెండు చేతులూ పని పంచుకుంటే మంచిదే అనుకుంటే సరిపోతుంది. చూపు లేనివాళ్ళ విషయంలో మాత్రం ఇది మంచీ చెడుల చర్చ కాదు. తెర మీది మాటలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2006లో ఆస్ట్రేలియాలో ఒక చూపులేని యువకుడి చేతుల్లో మొదలైంది. దాన్ని పూర్తిగా మీటలతోనే నడపొచ్చు, చూపులేని మనిషికి మౌస్ బాణం ఎందుకు? హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పునరావాస కేంద్రంలో చూపులేనివాళ్ళకు ఇలాగే కంప్యూటర్ నేర్పుతారు. ఒకే చెయ్యి పనిచేసేవాళ్ళ కోసం విండోస్‌లో షిఫ్ట్ అయిదుసార్లు కొడితే ఒక ఏర్పాటు తెరుచుకుంటుంది. అప్పుడు కంట్రోల్, ఎస్ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా చెల్లుతుంది. గనుల ఊళ్ళో చెయ్యి దెబ్బతిన్న మనిషి అరుదు కాదు. ఏ ప్రభుత్వ పోర్టలైనా మౌస్ లేకుండా మొదటి గడి నుంచి చివరి సబ్మిట్ దాకా నడవకపోతే, ఆ తలుపు కొందరికి మూసేసినట్టే.

మీట పొరపాటున తగిలి ఫైలు పోతే ఎలా అన్న భయం ఒట్టిది కాదు. డిలీట్ కొడితే ఫైలు చెత్తబుట్టలో ఉంటుంది, తిరిగి తెచ్చుకోవచ్చు. షిఫ్ట్‌తో కలిపి డిలీట్ కొడితే బుట్టలోకి కూడా పోదు. ఈ రెంటికీ తేడా తెలియకుండా నేర్పడం తప్పే. ఎక్సెల్, వర్డ్‌లలో కంట్రోల్ జెడ్ వెనక్కి తెస్తుంది గాని, శాప్‌లోనో ప్రభుత్వ పోర్టల్‌లోనో ఒకసారి ఎక్కించింది అలా వెనక్కి రాదు. అక్కడ చివరి ఎంటర్ ముందు చెయ్యి ఆపి, ఒకసారి చదవాలి. బాయిలోనూ తప్పు గంట ప్రమాదమే. అందుకని గంటలు తీసెయ్యలేదు, బోర్డు తగిలించారు.

వంద షార్ట్‌కట్ల జాబితాలు పంచిపెట్టడం వల్ల లాభం లేదు. అలాంటి కాగితం సొరుగులోకి పోతుంది. హాజరు చూసే గుమాస్తాకు ఎక్సెల్ మీటలు అయిదు, స్టోర్స్ గుమాస్తాకు శాప్ కోడ్‌లు అయిదు, మీసేవ ఆపరేటర్‌కు ట్యాబ్, స్పేస్, జాబితాలో అక్షరం. ఆ కుర్చీలో ఆ మనిషి రోజూ చేసే పనికి సరిపడా రాసి తెర అంచున అంటించాలి. చిత్రాలు దిద్దే పనికి, మ్యాపులో చోటు చూపించే పనికి, ఎప్పుడూ తెరవని మెనూలో వెతికే పనికి మౌస్ ఉంది, ఉండనివ్వండి.

ఈ వారం నేర్చుకోవడానికి ఒక్కటి చాలంటే, సేవ్ కంటే ముందు ఇది. కుర్చీ లేచి చాయ్‌కు వెళ్ళే ముందు విండోస్ మీటతో ఎల్ కలిపి కొట్టండి. తెర మూసుకుంటుంది, మీరు తిరిగొచ్చి పాస్‌వర్డ్ కొట్టేదాకా మీ పేరు మీద ఇంకొకరు ఏదీ ఎక్కించలేరు.